ఖాసిం సాబ్ వేంచిన మట్టి

నిన్న పూలకుండీలో మట్టి మారుస్తుంటే వేళ్ళకు ఒక చచ్చిన పురుగు తగిలింది. ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి మట్టి వాసనే తప్ప కుళ్ళు వాసన లేదు. మా ఖాసిం సాబ్ ఉంటే దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయేవారు.

నిజాం కాలంలో ఆయన వ్యవసాయ ఇన్‌స్పెక్టరు, నేను ఆయన గుమాస్తాను. బడి చదువు తక్కువైనా గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ పత్రికలు వదలకుండా చదివేవాణ్ణి. కంటికి ఆనని నులిపురుగులు మట్టిలో ఉంటాయనీ, పంట వేళ్ళు కొరికే పురుగుల్లో దూరి చంపుతాయనీ అలాగే చదివి ఆయనకు చెప్పాను. "మన మట్టిల గూడ ఉన్నయేమో, ఎతుకుదాం పా" అన్నారు. అప్పటినుంచి ఏ ఊరు వెళ్ళినా మెట్ట చెలక మట్టిని మూకుట్లో పోసి, బతికున్న వేరుపురుగులను అందులో వదిలేవాళ్ళం. అవి ఎక్కడా చచ్చేవి కావు.

కోస్గి పక్క ఒక ఊళ్ళో వేరుపురుగు పట్టి పల్లి చేలన్నీ ఎండిపోయాయి. సాయమ్మ అనే ఒంటరి ముసలామె చెలక మాత్రం పచ్చగా ఉంది. తవ్వితే పురుగులు ఎర్రబారి చచ్చి ఉన్నాయి. బాణామతి చేసిందన్నారు ఊరివాళ్ళు. ఆమెను పొలిమేర దాటించాలని పటేలు తీర్మానించాడు. సాబ్ గడువు అడిగి, ఆమె చెలక మట్టిని రెండు పాళ్ళు చేసి, ఒక పాలును పెంక మీద వేంచారు. "మంత్రమైతె మంటకు పోదు. జీవమున్నదైతె చస్తది. చూద్దాం."

"ఉప్పుకారం గూడ ఎయ్యి సాబూ, పటేలు తింటడు" అంది సాయమ్మ. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

వేంచిన మట్టిని చల్లార్చి తడిపి, రెండు మూకుళ్ళలోనూ పురుగులను వదిలి పటేలు ఇంట్లోనే ఉంచాం. వేంచిన మట్టిలోవి బతికాయి. పచ్చిమట్టిలోవి ఎర్రబడి చచ్చాయి. చచ్చినదాన్ని కొన్నాళ్ళు తడిగుడ్డ మీద ఉంచి, కారిన నీటిని భూతద్దం కింద పెడితే నూలుపోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. పటేలు చెయ్యి చాచాడు. సాబ్ భూతద్దం ఇవ్వలేదు.

"జర ఆగుండ్రి పటేలా. ఊరిడిసి పోవాల్సింది ఆమె. ముందుగాల ఆమె చూడాలె."

సాయమ్మ చాలాసేపు చూసింది. "గివా నా దయ్యాలు!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తర్వాత పటేలు చూశాడు. మర్నాడు ఆయన జీతగాడు గంపతో వచ్చి "అవ్వా, మా చేన్ల ఏసుకుంటం, జర మట్టి ఇయ్యవా?" అన్నాడు.

"మొన్నటిదాక మంత్రగత్తెను గదరా! పటేలునే రమ్మను."

పటేలు వచ్చాడు.

నేను ఇప్పటికీ పత్రికలు వదలను. కొత్త సంగతి కనబడితే పదిమందికి చెప్పాలని నాలుక దురద పెడుతుంది. కానీ అది ఎవరి బతుకుకు సంబంధించిందో ముందు చూసుకుంటాను. మొదట వాళ్ళ గడపకే వెళ్తాను.