అమ్మకి వేసిన కుర్చీ

పోయిన నెల కళ్లు చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి తన చెవుల కమ్మలు రెండూ తీసి నా చేతిలో పెట్టింది. మన వయసు వాళ్లకి ఇప్పుడు ఆసుపత్రి వరండాలే చుట్టాలిళ్లు కదా, అక్కడ పరిచయాలు కావడానికి ఎంతోసేపు పట్టదు. మొగుడు మోటారు సైకిలు మీద వస్తూ లారీ కింద పడ్డాడనీ, తుంటి ఎముక నుగ్గయిందనీ, ఆరోగ్య కార్డు మీద వచ్చేది పోను చేతినుంచి ఇంకా చాలా కట్టాలన్నారనీ, లోపల సాయం చేసేవాళ్ల ఆఫీసు ఒకటి ఉందంటే అర్జీ పట్టుకుని వచ్చిందనీ అప్పటికే నాకు చెప్పేసింది. పేరు పిలవగానే లేచి, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

“ఓపాలి ఇయ్యి పట్టుకోండి మామ్మా. ఇయ్యి సూసేరంటే మేం ఉన్నోళ్లమనుకుంటారు,” అని నా గుప్పిట తనే మూసి లోపలికి వెళ్లిపోయింది.

అవి బంగారమో గిల్టో నాకు తెలియదు, నా కళ్లకి అంత చూపూ లేదు. కానీ ఆ అమ్మాయి తెలివికి ముచ్చటపడాలో, పాతికేళ్ల పిల్లకి అంత తెలివి నేర్పిన లోకాన్ని తిట్టాలో తోచక, గుప్పిట అలాగే బిగించుకుని కూర్చున్నాను. ఆ తెలివి మా అమ్మకి ఒక్క పూట ఉండి ఉంటే మా నాన్న రెండు కాళ్ల మీద పోయేవాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది, అదీ ఇన్నేళ్ల తరవాత కూడా.

మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం మనకి వచ్చిన కొత్త రోజులవి. నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు చోడవరానికి కూతవేటు దూరం, రావికమతం వెళ్లే దారిలో. నాన్న బెల్లం బండి తోలేవాడు. గానుగలు ఆడినన్నాళ్లూ పల్లెల్లో వండిన బెల్లం దిమ్మలు బండికెత్తుకుని అనకాపల్లి బజారుకి చేర్చడం ఆయన పని. తెల్లవారకముందే బయల్దేరి, దారి పొడుగునా ఎద్దులతో మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడుతూ నడిపేవాడు. ఇంటికొచ్చాక ఆయన పంచెని వాసన చూస్తే పాకం వాసన వచ్చేది. బండీ ఎద్దులూ మాత్రం ఆయనవి కావు, చోడవరంలో ఒక షావుకారువి. మాకు సెంటు భూమి లేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఒక మాఘమాసం పొద్దున్న ఎదురుగా వచ్చిన బస్సు గట్టిగా హారన్ కొట్టేసరికి ఎడమ ఎద్దు బెదిరి, బండి తూము దగ్గర గట్టు జారి కాలవలో బోల్తా పడింది. నాన్న కుడి కాలు చక్రం కింద చిక్కుకుంది. చెరకు కోస్తున్న కూలీలు పరుగున వచ్చి బండి ఎత్తి తీసేసరికి మోకాలి కింద ఎముక బయటికి వచ్చి ఉందట. బెల్లమంతా కాలవలో కరిగిపోయింది. మూడు రోజుల పాటు ఆ గట్టు నిండా చీమలు బారులు తీరి ఉన్నాయని తరవాత ఊళ్లోవాళ్లు చెప్పుకున్నారు. చోడవరం ఆసుపత్రి గుమ్మంలోకి షావుకారు వచ్చి అమ్మని మొదట అడిగింది బెల్లం ఏమైనా మిగిలిందా అని, రెండోది ఎద్దులకి దెబ్బలేమైనా తగిలాయా అని. మూడో ప్రశ్న కోసం అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది గానీ ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

అక్కడ కట్టు కట్టి మమ్మల్ని విశాఖపట్నం ఆసుపత్రికి పంపించారు. మంచానికీ కట్లకీ అక్కడ డబ్బు లేదు, డాక్టరు కూడా కుర్రాడే అయినా దేవుడిలాంటి మనిషి. కాలు నిలబెట్టొచ్చు, అయితే ఎముకకి దన్నుగా వేసే స్టీలు కమ్మీ మద్రాసు నుంచి తెప్పించాలి, దానికీ సూది మందులకీ కలిపి మూడువందల రూపాయలు మనమే పెట్టుకోవాలి, అదీ వారం పది రోజుల్లో, పుండుకి విషం ఎక్కకముందే జరగాలి, లేకపోతే మోకాలి పైకంటా తీసెయ్యక తప్పదు అని విడమరిచి చెప్పాడు. మూడువందలంటే నాన్న రెండు సీజన్లు బండి తోలినా కంటచూడని డబ్బు. అమ్మ తెల్లమొహం వేస్తే ఆయనే దారి కూడా చెప్పాడు. పట్నంలో కొందరు పెద్దలు కలిసి బీదల వైద్యానికని ఒక ధర్మనిధి పెట్టారట, గురువారం గురువారం దాని కార్యదర్శి గారు స్వయంగా కూర్చుని అర్జీలు చూస్తారట, బీదవాళ్లమని ఊరి మునసబు రాసిచ్చిన కాగితం ఒకటి ఉంటే చాలట.

అమ్మ బస్సెక్కి ఊరికి వచ్చి కాగితం రాయించుకుంది. మునసబు గారు పైసా పుచ్చుకోకుండా రాసిచ్చారు, అది చెప్పకపోతే పాపం. ఆ రోజే మాడుగుల నుంచి మా మేనత్త దిగింది. నాన్నకి ఒక్కతే అక్క, కాస్త కలిగిన ఇంట పడింది, తమ్ముడంటే ప్రాణం. వస్తూ వస్తూ తన పెళ్లినాటి పట్టుచీరా, ఒక రెండుపేటల బంగారు గొలుసూ, హల్వా పొట్లమూ తెచ్చింది. అర్జీ పట్టుకుని వెళ్లడానికి అమ్మ ఉతికి ఆరేసుకున్న నేతచీర చూసి అత్త బుగ్గలు నొక్కుకుంది.

“ఈ సిరుగు కోకతో ఎల్తావేటే? గుమ్మం కూడా ఎక్కనివ్వరు. పెద్దోళ్ల కాడికి ఎల్లినప్పుడు మడిసిలాగ ఎల్లాల. కాళీ సేతుల్తో అసలే ఎల్లకూడదు,” అంది.

అమ్మకీ అది సబబుగానే తోచింది. అప్పట్లో మన వైపు అందరికీ అలాగే తోచేది. సర్కారు కచేరీకి వెళ్లినా పెళ్లికి వెళ్లినా నలుగురిలోకి వెళ్లేటప్పుడు అరువు తెచ్చుకునైనా కట్టుకోవడమే మర్యాద, ఇంట్లో లేదన్న సంగతి ఒంటి మీద కనిపిస్తే అదేదో దొంగతనం బయటపడ్డంత సిగ్గు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. గొలుసు మాత్రం మొగుడు మంచాన ఉండగా తనకెందుకని వేసుకోనంది. గుంటని బోసి మెడతో తీసుకెళ్తావా అని అత్త దాన్ని నా మెడలో వేసింది.

ఆ గొలుసే తాకట్టు పెడితే సరిపోయేది కదా అని మీకు అనిపిస్తుంది. కాలు పోయాక ఊరంతా ఆ మాటే అన్నారు, ముందు అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ గొలుసు అత్తది కాదు, వాళ్ల అత్తగారిది. పేరంటానికని అబద్ధం చెప్పి నాలుగు రోజులకి అడిగి తెచ్చింది. తిరిగి వెళ్లేసరికి అది పెట్టెలో లేకపోతే మా అత్త కాపురం పోతుంది. అంత ఘనమైన గొలుసు అది.

గురువారం పొద్దున్నే ఆ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. నా జన్మలో అంతకు ముందెప్పుడూ బంగారం నా ఒంటిని తాకలేదు. నిమిషానికోసారి దాన్ని సవరించుకుంటూ, దాన్ని ఎవరైనా చూస్తున్నారా లేదా అని చూసుకుంటూ ఉన్నాను. నాన్న మంచం మీద మూలుగుతున్న సంగతి మరిచిపోయానంటే నమ్మండి. మా పక్కనే రావికమతం అవతల పల్లె నుంచి వచ్చిన ఒక ఆడమనిషి ఉంది. తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన కొడుకు కోసం వచ్చింది. రవిక కూడా లేదు, కోక నిండా మాసికలు. ఆవిడ మమ్మల్ని కిందికీ పైకీ చూసి, అమ్మకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

“గుంట మెళ్లో గొలుసు తీసీ తల్లీ, సెంగున ముడేసుకో. ఇక్కడ ఇది సూపించకూడదు,” అంది.

అమ్మ నా వైపు తిరిగి నా మెడ మీద చెయ్యి వేసింది. ఆ తరవాత ఏం జరిగిందో కాస్త ఆగి చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు కూడా చెయ్యి వెంటనే ముందుకి సాగడం లేదు.

మమ్మల్ని పిలిచారు. కార్యదర్శి గారు తెల్లటి బట్టల్లో చక్కగా ఉన్నారు. అమ్మని చూడగానే సగం లేచి, రండమ్మా రండి అని, బంట్రోతుని కేకేసి కుర్చీ వేయించారు. అమ్మ అప్పటిదాకా కుర్చీలో కూర్చుని ఎరగదు. వద్దు బాబూ అంటున్నా వినకుండా కూర్చోమన్నారు. అంచున కాస్తంత ఆనుకుని కూర్చుని, హల్వా పొట్లం బల్ల మీద పెట్టి, మునసబు కాగితం చేతికిచ్చింది. ఆయన కాగితం చూసి, చీర చూసి, నా మెడలో గొలుసు చూసి, కాగితం మీద గాజుగుండు పెట్టారు. నన్ను ఏ క్లాసు చదువుతున్నావని అడిగారు. పొలం ఉందా, బండి ఎవరిది, రేపు ఏం తింటారు అని ఒక్క ముక్క అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు. కార్డు రాసి తెలియజేస్తాం వెళ్లిరండి అని నమస్కారం కూడా పెట్టారు. మా తరవాత ఆ మాసికల కోకావిడ లోపలికి వెళ్తే, దూరంగా నిలబడు అన్న కేక మాకు వరండాలోకి వినిపించింది.

అమ్మ మొహం ఆ రోజు వెలిగిపోయింది. ఆసుపత్రికి పరుగులాంటి నడకతో వచ్చి నాన్నకి చెప్పింది ఒక్కటే, కుర్చీ వేశారని. నాన్న ఆ నొప్పిలోనే తలెత్తి, అటు మంచం వాడికీ ఇటు మంచం వాడికీ, కట్లు మార్చడానికి వచ్చిన నర్సుకీ, “మా ఆడదానికి కుర్సీ ఏసేరంట,” అని చెప్పుకున్నాడు. వచ్చే సీజనుకి మళ్లీ బండెక్కుతానని, ఈసారి ఎడమ ఎద్దుని మార్చమని షావుకారుతో చెబుతానని అన్నాడు. మేం ముగ్గురం ఆ వారంలో ఉన్నంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేము.

అయిదో రోజున ఇంగ్లీషులో ఒక కార్డు వచ్చింది. నర్సు చదివి, మీకు భూములున్నాయా అమ్మా అని అడిగింది. లేవంటే మళ్లీ ఒకసారి చదువుకుని, కుటుంబం కలిగినదిగా కనిపిస్తున్నది, సాయం అవసరం లేదు అని రాశారని చెప్పింది. అమ్మ ఆ కార్డు చేతిలోకి తీసుకుంది.

“మరి నన్ను కూకోమని కుర్సీ ఎందుకేసేరమ్మా?” అంది.

ఆ నర్సు వెళ్లి డాక్టరుని పిలుచుకొచ్చింది. డాక్టరు ఎవరెవరికో చెప్పి చూశాడు, మళ్లీ గురువారం దాకా ఆగమన్నారు. పుండు ఆగలేదు. కాలు తీసేశారు. అదే వార్డులో తాటిచెట్టు మీంచి పడిన కుర్రాడికి మందులు వచ్చాయి. వాళ్లమ్మ రోజూ వచ్చి మా అమ్మ పక్కన కూర్చునేది గానీ ఆ గొలుసు మాట మాత్రం ఎత్తలేదు. అంత మర్యాద ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

అత్త గొలుసు పట్టుకుని మాడుగుల వెళ్లిపోయింది. గొలుసుకి ఏమీ కాలేదు. నాన్న అరుగు మీద కూర్చుని మంచాలకి నులక పేనేవాడు, అనకాపల్లి వెళ్లే బెల్లం బళ్లు వినిపిస్తే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. అమ్మ చెరకు కోతకి కూలికి వెళ్లింది. నేనూ వెళ్లాను, తరవాత ఎవరో పుణ్యాత్ములు చదివిస్తే పంతులమ్మనయ్యాను, అది వేరే కథ. ఒక్క ఏడాది పోయాక మేం ఆ ఆఫీసుకి వెళ్లి ఉంటే మాకు ఎవరూ కుర్చీ వేసేవారు కాదు. అప్పటికి మేం చూడ్డానికి కూడా బీదవాళ్లమయ్యాం.

ఇప్పుడు ఆ వరండా సంగతి. అమ్మ గొలుసు తియ్యబోయింది. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. తీస్తే లోపలికి రానని కాళ్లు నేలకి కొట్టి ఏడిచాను. అందరూ చూస్తున్నారు. అమ్మ నా మొహం ఒకసారి చూసి, “పోనీలెద్దూ, ఉంచుకో,” అని చెయ్యి తీసేసింది. ఆ సంగతి తరవాత ఎన్నడూ నాతో అనలేదు. తిట్టలేదు, గుర్తుచెయ్యలేదు, నాన్న పోయిన రోజున కూడా ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఎనభై ఏళ్లు వచ్చాక కూడా అనిపిస్తూనే ఉంది.

కాలం మారిందంటారు. మారింది, కాదనను. అప్పుడు లేనివాళ్లు ఉన్నట్టు కనిపించాలని తాపత్రయపడేవాళ్లు, ఇప్పుడు ఉన్న రెండు కమ్మలూ దాచుకుని లేనట్టు కనిపించడం నేర్చుకున్నారు. బల్లకి అవతల కూర్చున్నవాళ్ల చూపు మాత్రం మనిషి ఒంటి మీదే ఉంది.

అరగంటకి ఆ అమ్మాయి బయటికి వచ్చింది. కాగితాలు తీసుకున్నారనీ, వారంలో చెబుతామన్నారనీ చెప్పింది. ఏమంటారో ఏమోనని కళ్లనీళ్లు పెట్టుకుంది. కూర్చోమని కుర్చీ వేశారా అని అడిగాను.

“కుర్సీ ఏటి మామ్మా, గుమ్మం కాడే నిలబెట్టేసేరు,” అంది.

కమ్మలు తన చేతిలో పెట్టాను. అయితే ఇస్తారు, ఏడవకు, అన్నాను.