గోడకేసి తిరిగే మామయ్య

మామయ్యది ఒకటే జబ్బు. తను ఎవర్నైనా ప్రశ్న అడగ్గానే గోడకేసి తిరుగుతాడు, జవాబు పూర్తయ్యేదాకా ముఖం ఇటు తిప్పడు. సర్వే ఆఫీసులో ప్రశ్నలు రాసే ఉద్యోగం కాబట్టి, గోడల గురించి ఆయనకు తెలిసినంత తాపీమేస్త్రీలకు కూడా తెలియదు.

ఆయన రాసిన ప్రశ్నలు ఆఫీసరు పేరుతో అచ్చయ్యేవి. పేరు పోతే పోయింది, ప్రశ్నలూ పాడయ్యేవి. "క్యాంటీన్ టీ ఎలా ఉంది?" అని మామయ్య రాస్తే, దాని కింద ఆఫీసరు మూడు జవాబులు చేర్చేవాడు: బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. మామయ్య దాన్ని అలాగే అచ్చుకు పంపేవాడు.

"బాలేదు అనే గడి ఏది మామయ్యా?" అని మేనకోడలు నిలదీస్తే, "గోడనడుగు అమ్మడూ" అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. ఆదివారం తనే టీ కాచి, అత్తయ్య చేతికిచ్చి, "ఎలా ఉంది?" అని గోడకేసి తిరిగేవాడు.

"కుడితిలా ఉంది."

"సంతోషం."

పెళ్లికి ముందు తొలిసారి కలిసినప్పుడూ ఇంతేనట. "నేను నచ్చానా?" అని అటు తిరిగితే, "మనిషి ఫర్వాలేదు, ఆ మీసంతోనే వేగలేను" అందట అత్తయ్య. మర్నాటికి మీసం లేదు.

మేనకోడలు అదే ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో చేరిన కొత్తలో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సర్వే పడింది. అంతకు కొద్ది రోజుల ముందే అక్కడ ఇస్త్రీ బల్ల దగ్గర పొగ లేచింది. వెనక తలుపుకు తాళం. కుట్టేవాళ్లంతా ముందు వాకిలి మీద పడి తొక్కుకున్నారు. నోరు విప్పినామెకు మర్నాడు పని లేదు.

ఆఫీసరు ప్రశ్న పంపాడు: "మీ ఫ్యాక్టరీలోని చక్కటి భద్రతా ఏర్పాట్లతో తృప్తిగా ఉన్నారా?"

మామయ్య జన్మలో మొదటిసారి ఆఫీసరు రాత కొట్టేశాడు. "పని జరిగేటప్పుడు వెనక తలుపుకు తాళం ఉంటుందా?" అని రాశాడు.

"చక్కటి ప్రశ్న కొట్టేస్తారేంటండీ?"

"తృప్తి తాళం తియ్యదు సార్."

"తేడా వస్తే మీతోపాటు మీ మేనకోడలి ఉద్యోగం కూడా పోతుంది, చూసుకోండి!"

మేనకోడలు ప్రశ్నల కాగితాలు సంచిలో సర్దింది.

ఫ్యాక్టరీలో మేనేజరు చేతులు కట్టుకుని సర్వే బల్ల పక్కనే నిలబడ్డాడు. మొదటి ఆమె కూర్చోకుండానే, "అంతా బాగుందండీ" అంది.

"అక్కా, నేనింకా అడగనేలేదు" అంది మేనకోడలు.

వెనకామె అందుకుంది. "ఆవిడ చెప్పిందే నాదీను!"

మామయ్య లేచాడు. "సార్, మేనేజర్లకు వేరే ప్రశ్నలున్నాయి. కాకపోతే మా పద్ధతి ప్రకారం గోడకేసి తిరిగి చెప్పాలి. మీరింత స్థాయికి ఎలా ఎదిగారు?"

అంతే! మేనేజరు తిరిగాడు, పుట్టుక దగ్గర్నుంచి మొదలెట్టాడు.

మామయ్య బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకదానిమీద వేసిన తాళం బొమ్మ, ఇంకోదానిమీద తీసిన తాళం బొమ్మ. తాళం ప్రశ్న మెల్లగా చదివి వినిపించాడు. "విన్నారుగా. తలా ఒక గుండీ వెయ్యండి. ఎవరూ చూడరు" అని తనూ తిరిగాడు, మేనకోడల్నీ తిప్పాడు.

ఆమె గోడమీది పెచ్చు చూస్తూ నిలబడింది. టక్. ఎందులో పడింది? టక్, టక్. తర్వాత చాలాసేపు చప్పుడే లేదు. భయపడి ఆగిపోయారా? మామయ్య ఉద్యోగం, తన ఉద్యోగం, ఆ తలుపు... మెడ దానంతటదే తిరగబోయింది. మామయ్య దగ్గాడు. మళ్లీ టక్, టక్, టక్.

మేనేజరు కాలేజీలో చేరేసరికి గుండీలు అయిపోయాయి. మామయ్య అందరి ముందే డబ్బాలు బోర్లించాడు. తాళం ఉందన్న డబ్బాలోంచి గుట్ట పడింది. లేదన్న డబ్బాలో ఒక్కటే గుండీ, అదీ విరిగినదే.

ఎవరు చెప్పారో తెలిస్తే కదా పనిలోంచి తీసెయ్యడానికి! సాయంత్రానికి తాళం ఊడింది. అందరి కళ్లముందు లెక్కతేలిన గుట్టకు 'అద్భుతం' చేర్చడం ఆఫీసరు వల్ల కాలేదు.

తిరిగొస్తూ మేనకోడలు అడిగేసింది. "మామయ్యా, అసలు నీకీ గోడ పిచ్చేంటి?"

"నా మొహం చూస్తే నాకేం కావాలో తెలిసిపోతుంది అమ్మడూ. మనుషులు మంచోళ్లు, పాపం. ఎదుటోడికి కావాల్సిందే చెప్తారు."

ఇంటికెళ్లి ఆమె మామయ్యకు టీ కాచి ఇచ్చింది. "ఎలా ఉంది?" అని గోడకేసి తిరిగింది.

"మీ అత్తయ్య మాట నిజమేనే. ఈ కుడితి మన రక్తంలోనే ఉంది!"

అయ్యా, అమ్మా, మీ కింద పనిచేసేవాళ్లను రేపు "ఎలా ఉంది?" అని అడిగేముందు దయచేసి గోడకేసి తిరగండి. తిరిగాక జవాబు వినకుండా అటునుంచి అటే జారుకోకండి.