రొటీన్ అన్న మాటకు ఆగిన ఆపరేషన్

రొటీన్ అనే ఒక్క మాట వల్ల ఈ రోజు ఒక ఆపరేషన్ ఆగిపోయింది కనుక ఇది ఇప్పుడే చెప్పాలి.

గనిలో దెబ్బ తగిలి పేగు తెగిన రాజయ్య గోలేటి నుంచి వచ్చాడు. అప్పుడు పొట్ట మీద పెట్టిన మలసంచిని తీసి, పేగును నేను తిరిగి కలపవలసిన రోజు ఇది. కింది పేగును లోపలికి గొట్టం పంపి చూసే స్కోపుతో నేనే చూశాను, చక్కగా మానింది. అయినా, పేగులోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే లేదని పెద్ద డాక్టరు గారు ఆపించారు.

“ఇతనికి ఎందుకండీ?” అని అడిగాను.

“రొటీన్. అందరికీ చేయిస్తాం కదండీ.”

ఆలోచనను అలవాటుకు అప్పగించినవారి దగ్గర ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

“నెత్తురిస్తమని మా షిఫ్టోళ్లు డ్యూటీ ఇడిసి వచ్చిండ్రు సార్,” అన్నాడు రాజయ్య. “సంచితోని గనిల దిగనియ్యరు. నేనెప్పుడు దిగాలె?”

అనుమానం ఉన్నచోట ఆ ఎక్స్‌రే చేయవలసిందే. ఏ అనుమానమూ లేని రోగుల్లో, స్కోపుకు చిక్కని లోపం దానికి ఎప్పుడైనా చిక్కిందా? చూసినవారు చెప్పండి. నాకు ఇంతవరకు కనబడలేదు; ఎన్నటికీ కనబడదని మాత్రం చెప్పలేను.