రెడ్డెమ్మ తవ్వించిన ఇంకుడు గుంత

మదనపల్లెలో మేం అద్దెకుంటున్న ఇల్లు రెడ్డెమ్మది. కురబలకోట దగ్గర వేరుశనగ పండించిన మనిషి. బావి ఎండిపోయాక చేను అమ్మి, ఊరి చివర కొత్త లేఅవుట్‌లో ఈ ఇల్లు కట్టుకుంది. తర్వాత చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్నటి ఎండాకాలం మా బోరు కాసేపు పోసి, ఆపైన గాలి కక్కడం మొదలుపెట్టింది. అది పోతే ట్యాంకరే దిక్కు. ఆ నీళ్ళు ఎక్కడివో ఎవరూ చెప్పరు, మా పాపకింకా ఏడాదిన్నరే.

మునిసిపాలిటీ వాళ్ళు చెప్పారని రెడ్డెమ్మ బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మేస్త్రీ మునికృష్ణ దాని అడుగుకూ గోడలకూ సిమెంటు పూస్తున్నాడు.

"ఇదేందన్నా, ఇంక నీళ్ళు ఇంకేదెట్ల?"

"నన్నడిగితే? ఇది గుంత గాదు, తొట్టి అని ముందే చెప్తి. పెద్దమ్మ ఇంటేగదా."

"కూలిచ్చి తవ్విచ్చి, నీళ్ళు మట్టికి తాపాల్నా?" అంది రెడ్డెమ్మ. "కండ్లకు కనపడేటివే నీళ్ళు."

వాన పడింది. మేడ మీది నీళ్ళతో తొట్టి నిండింది. ఆమె లేస్తూనే రేకు మూత ఎత్తి చూసుకునేది. నేనూ చూసేదాన్ని, వేరే భయంతో. పాప నడుచుకుంటూ ఎటైనా వెళ్ళిపోయేది. నీళ్ళ నిండా దోమ పిల్లలు. బోరు మాత్రం గాలి కక్కుతూనే ఉంది.

"అడుగు పగలగొట్టిద్దాం పెద్దమ్మా."

"పగలగొడితే నా నీళ్ళు మన బోరుకే వస్తాయా? అపార్ట్‌మెంటోళ్ళ బోరు వెయ్యి అడుగులు. లాగేసుకోరా?"

నేను చదివింది జియాలజీ. అబద్ధం చెప్పలేకపోయాను. "కొంత వాళ్ళకూ పోతుంది. ఎంతో చెప్పలేను."

రెడ్డెమ్మ రేకు మూత దించింది. "మా బావి ఎందుకెండిందో తెల్సా? పైచేని శ్రీరాములు కట్ట తీసేసి ప్లాట్లు ఏసినాడు. ఆ కట్టకాడ నిలిచి ఇంకిన నీళ్ళే మా బావిలోకి వస్తాండె. అవి నా నీళ్ళని ఆయప్ప ఏనాడూ అనలే."

ఆదివారం మునికృష్ణ గడ్డపారతో వచ్చాడు. "అప్పుడే ఇనింటే సిమెంటన్నా మిగిలేది."

"నోరు మూసుకోని పొడువప్పా."

అడుగు పగలగొట్టి, గోడల పూత రాల్చి, కంకర నింపి, పైన ఇనుప జాలీ బిగించాడు. తర్వాతి వానకు చేరిన నీళ్ళు మధ్యాహ్నానికల్లా ఇంకిపోయాయి. ఒక్క గుంతతో బోరు కోలుకోదని రెడ్డెమ్మకు ముందే చెప్పాను. పైవీధిలో ఇందిరమ్మ పెరడంతా బండలు పరిపించింది. అక్కడ పడిన వానంతా రోడ్డు పాలే. రెడ్డెమ్మ చెప్పులు వేసుకుంది.

"ఇందిరమ్మ కాడికి పోతాండా. గుంత తవ్విచ్చుకోమంటే నా మాట ఇనదు, నువ్వూ రామ్మా. పాపనెత్తుకో. బిడ్డను సూస్తే కాదనలేదు."