పోపుల డబ్బా మేడం

లూర్దు మేరీకి కోపం వస్తే కేకలుండవు. నవ్వుతుంది. అనకాపల్లి మెయిన్‌రోడ్డు మీది మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిడ సి లాంగ్వేజీ చెప్పేది, నేను పక్కగదిలో టైపు నేర్పేవాణ్ణి. ఆ నవ్వు చూస్తే నాకే గుండె జారేది.

2006లో ఒకరోజు పిల్లలకు క్యాష్ గురించి, అంటే ప్రాసెసరు చేతికందేంత దగ్గరుండే కాస్త మెమరీ గురించి చెప్తోంది. "పోపేసినప్పుడు ఆవాలకోసం అటకెక్కుతామేటి? పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటాది. డేటా పక్కపక్కనే పేరిస్తే ఒక్క విడతలో బోలెడు వచ్చేత్తాది. తలో మూలా పడేత్తే ప్రతిదానికీ అటకెక్కాల."

గుమ్మంలో బెన్‌హర్ పకపకా నవ్వాడు. అతనూ మా దగ్గర మాస్టారే. బెల్లం వ్యాపారి భీమశంకరరావు గారి కొట్టుకు సరుకు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చి మంచి ఊపు మీదున్నాడు.

"రేపు సాంబారు కూడా సెప్పేత్తారేటి మేడం?"

సాయంత్రానికల్లా ఆవిడ 'పోపుల డబ్బా మేడం' అయిపోయింది. ఆదివారం చర్చి మెట్ల మీద కూడా ఎవరో అలాగే పిలిచారు. ఆవిడ నవ్వింది. ఆ మాటను బెన్‌హర్ చేతే మర్యాదగా పలికించాలని ఆ క్షణమే పట్టుపట్టింది.

బెన్‌హర్ ప్రోగ్రాంలో ఒక్కో సరుకు వివరం మెమరీలో ఒక్కో మూల ఉంటుంది. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదానికి గొలుసులా వెతుక్కుంటూ పోవాలి. మేరీ అదే పనికి తన ప్రోగ్రాం రాసింది. మొత్తం కట్టడానికి కావలసిన తూకాలన్నీ ఒకే వరుసలో, రైతుల పేర్లూ ఊళ్లూ వేరేచోట. అందరి ముందూ రెంటికీ పోటీ పెట్టింది.

రెండూ రెప్పపాటులో తేల్చేశాయి. సమానం!

తొందరలో ఒక్కరోజు సరుకు లెక్కే ఇచ్చింది పాపం. అంత కొంచెం డేటా ఎలా పడేసినా క్యాష్‌లోనే పట్టేస్తుంది. తన పాఠం తానే మరిచింది.

"డబ్బా ఖాళీయేనండీ!" అన్నాడు బెన్‌హర్. నేనూ రుమాలు అడ్డుపెట్టుకుని నవ్వాను, ఆవిడ చూసింది.

సీజను కోసం కాచుక్కూర్చుంది. కొత్త బెల్లం యార్డును ముంచెత్తాక భీమశంకరరావు గారే ఫోను చేశారు. "మేరీ గారూ, రిపోర్టు అడిగితే మనోడి ప్రోగ్రాం కదల్డం లేదండి. రైతులు అరుత్తన్నారు. మీదేదో ఉందట కదా?"

మేరీది పెట్టి మీట నొక్కితే, ఆయన టీగ్లాసు ఎత్తి నోటిదాకా తేకముందే రిపోర్టు వచ్చింది.

"ఏటి కావాలో అడగమ్మా!"

"ఏటీ వద్దండి. ప్రోగ్రాంకి పేరు మాత్రం నేనే పెడతాను. మీ గుమస్తాలకి బెన్‌హర్ గారే నేర్పాలి."

ఆ సీజనంతా బెన్‌హర్ కొట్లో నిలబడి, తెరమీది పేరు వేలితో చూపిస్తూ, "ముందు పోపుల డబ్బా తెరవండి బాబూ" అని చెప్పాడు. అదేం చిత్రమో, సరిగ్గా ఆ వేళకే మేరీ చెప్పు పట్టీ ఆ కొట్టు ముందే ఊడిపోయేది.