నాంపల్లి స్టేషన్ వైపు తిరిగిన గిటారు

ఆ రోజుల్లో మాకు తెలివితేటలకు కొరత లేదు, వాటిని పెట్టడానికి సరైన చోటు దొరక్కపోవడమే ఇబ్బంది. ఇప్పటి పిల్లలు గిటారును అగ్గిపెట్టెంత డబ్బాకు తగిలించి, ఆ డబ్బాను ఫోనుకు తగిలించి, మంచం మీద పడుకునే కచేరీలు చేసేస్తున్నారు. మేము అదే పనికి ఒక వానాకాలాన్నీ, సగం చలికాలాన్నీ, మా స్నేహితుడి నాయనమ్మ ఓపిక మొత్తాన్నీ ఖర్చు పెట్టాం. (నేను చెప్పేవాటిలో మసాలా ఎక్కువని మా ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. మసాలా పడిన చోట మీకే ఘాటు తెలుస్తుంది, ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.)

రెండువేల సంవత్సరం అప్పుడే దాటింది. నా దగ్గర అబిడ్స్‌లో చేతులు మారి వచ్చిన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు ఒకటి ఉండేది. దాని శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయర్ మాత్రం లేదు. ఆంప్లిఫయర్ లేని ఎలక్ట్రిక్ గిటారు గోళీ కొట్టని సోడా లాంటిది. పట్టుకోవచ్చు, ఊపవచ్చు, నలుగురికీ చూపించుకోవచ్చు, అంతే. మా స్నేహితుడు ఒకడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో నాయనమ్మతో ఉండేవాడు. చిరాగ్ అలీ లేన్‌లో తిరిగి తిరిగి ఒక్కో ముక్కా ఏరుకొచ్చి సొంతంగా కంప్యూటరు కట్టుకున్నాడు కాబట్టి వాడిని అందరం మదర్‌బోర్డు అనేవాళ్లం. ఆ కంప్యూటరుకు పక్క రేకు ఎప్పుడూ బిగించేవాడు కాదు, "బిగిస్తే దానికి దమ్మాడదురా" అనేవాడు. నా గిటారు గోడు విని వాడు చిటికేశాడు. "ఆంప్లిఫయర్ ఎందుకురా? కంప్యూటరే ఆంప్లిఫయర్. జర దాన్ని నమ్మాలె, అంతే."

ఇంత ఆత్రం ఎందుకంటే, అబిడ్స్‌లోని మా చర్చిలో పాటల బృందాన్ని నడిపే పెద్దాయన ఒకరుండేవారు. పెన్సిలుతో చెక్క మీద తాళం కొడుతూ ఉంటారు కనుక ఆయన మాకు టక్‌టక్ అంకుల్. ఆయన దృష్టిలో చర్చిలో మోగవలసింది ఆర్గన్ ఒక్కటే. మిగతావన్నీ పెళ్లి బ్యాండు. నేను వెంటపడి, బతిమాలి, వాళ్లింటికి గ్యాస్ సిలిండర్ మోసి (ఇది మసాలా కాదు, ఇప్పటికీ నడుము గుర్తు చేస్తుంది) ఆఖరికి ఒక మాట రాబట్టాను. "క్రిస్మస్ నాడు ఒక్క పాట. అది గూడ ముందు నాకు వినిపిస్తేనే. మంచిగుంటే నీ గిటారు ఉంటది. లేకుంటే ఆ వైరు చుట్టుకొని ఇంటికి పో. నేనుండంగ మళ్ల దాన్ని పట్టుకొని ఈ మెట్లెక్కొద్దు." ఇక నా సంగీత జీవితమంతా ఆ ఒక్క పాటకు వేలాడింది. గొల్లలు మందను వదిలి బెత్లెహేముకు బయల్దేరే పాట అది.

గిటారు వైరు పిన్ను లావు, కంప్యూటరు రంధ్రం సన్నం. కోఠిలోని గుజరాతీ గల్లీలో వాటి మధ్య సంధి కుదిర్చే ముక్క దొరికింది. గిటారును రకరకాల ఆంప్లిఫయర్లలా మోగించే ప్రోగ్రాము, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల కుప్పలో ఓ పత్రికకు అంటుకుని ఉన్న సీడీలో దొరికింది. అన్నీ తగిలించి, దేవుణ్ణి తలచుకుని, తీగ మీటాను. నాంపల్లి మైదానంలో జనవరి నెలలో నుమాయిష్ అని ఎగ్జిబిషన్ పెడతారు కదా, అందులో చెక్కల బావి గోడల మీద మోటారుసైకిలు తిప్పుతారే, అచ్చం ఆ శబ్దం వచ్చింది. లోపలినుంచి నాయనమ్మ కేకేసింది: "అరె, నుమాయిష్‌కు ఇంకా దినాలున్నయి గదరా! అప్పుడే బండి తెచ్చిన్రా?"

"బండి కాదు నాయనమ్మా, యేసయ్య పాట" అన్నాడు మదర్‌బోర్డు.

"యేసయ్య గాడిద మీద బోయిండు బిడ్డా, ఫటఫటి మీద గాదు."

శబ్దాన్ని ఎలాగో మచ్చిక చేసుకుంటే, దాని వెనకే 'గుంయ్' మని ఒక రొద. నేను కుర్చీలో ఇటు తిరిగితే పెరిగేది, అటు తిరిగితే తగ్గేది. ఆ కాలపు మానిటరు చిన్న బీరువా అంత ఉండేది, దాని రొదనంతా గిటారు పీల్చుకునేదని తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఒకటే: కంప్యూటరుకు వీపు పెట్టి, కిటికీలోంచి స్టేషన్ వైపు చూస్తూ కూర్చుంటే గిటారు మాట వింటుంది. మదర్‌బోర్డు కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు. "కదిలినవో, కొడ్త" అన్నాడు. నేను కదల్లేదు. ఆ రైళ్లన్నీ నా పాట విని వేళకు వెళ్లేవి. (ఇదిగో, ఇది మసాలా.)

అసలు తిరకాసు ఆ తర్వాత బయటపడింది. తీగ మీటితే శబ్దం వెంటనే రాదు. కంప్యూటరు దాన్ని లోపలికి తీసుకుని, తనలో తాను ఆలోచించుకుని, నిదానంగా బయటికి వదులుతుంది. సెట్టింగు మార్చి తొందరపెడితే పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. "లేటుగా గావాల్నా, చిటపట గావాల్నా? రెండింట్ల ఒకటి చెప్పు" అన్నాడు వాడు, హోటల్లో మామూలు ఇరానీ చాయా, పాలెక్కువ పోసిన పౌనా అని అడిగినట్టు. నేను లేటే కోరుకున్నాను. దాన్ని బోల్తా కొట్టించడం ఎలాగో నాకు తెలుసు కదా! ప్రతి తీగనూ తాళం కన్నా కాస్త ముందే మీటడం మొదలుపెట్టాను. టేపులో పట్టుకొచ్చి కంప్యూటరులోకి ఎక్కించిన మా బృందం పాట మోగుతుంటే, నేను ముందు మీటేవాణ్ణి, శబ్దం సరిగ్గా వేళకు వచ్చి పాటలో కలిసిపోయేది. వారాల తరబడి అదే సాధన. ఒక సాయంత్రం టక్‌టక్ అంకుల్ వచ్చి, నాయనమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ విన్నారు. ఆయన చూసింది నా వీపునే, విన్నది మాత్రం కంప్యూటరు స్పీకర్లనే. పెన్సిలు ఒక్కసారి కూడా తడబడలేదు. "పర్వాలేదు" అన్నారు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంకొకరు మిఠాయి పంచినట్టే.

చర్చిలో రిహార్సల్స్ కూడా జరిగాయి. కిరాయి ఆంప్లిఫయర్ పండగనాడే వస్తుంది కనుక అక్కడ నేను గోళీ కొట్టని సోడానే. అంతమంది గొంతుల మధ్య నా తీగల చిరుశబ్దం నా చెవికే ఆనేది కాదు, ఇక నేను ముందు మీటుతున్నానో వెనక మీటుతున్నానో కనిపెట్టేదెవరు?

క్రిస్మస్ ఉదయం వచ్చింది. పాటల బృందం ఉండేది ద్వారం పైనున్న మేడమీద. ఆంప్లిఫయర్ ఆన్ చేశాను. అలవాటు కొద్దీ కాళ్లు వాటంతటవే తిరిగి నన్ను గోడవైపు నిలబెట్టాయి. పెన్సిలు టక్కుమంది. మీటాను. శబ్దం అదే క్షణంలో వచ్చింది! తట్టకముందే తలుపు తెరుచుకున్నట్టయింది. వేళ్లు మాత్రం నా మాట వినలేదు. అవి వారాలుగా కంప్యూటరు దగ్గర నేర్చుకున్న పాఠమే అప్పజెబుతున్నాయి, ప్రతి తీగా తాళం కన్నా ముందే. నా పక్కనున్న ఆంటీలు తామే వెనకబడ్డామనుకుని కంగారుగా వేగం పెంచారు. వాళ్లు దగ్గరికొచ్చేసరికి నేను మళ్లీ ముందున్నాను. మగ గొంతులు వాళ్ల వెంట, ఆర్గన్ వాయించే అక్క మగ గొంతుల వెంట, కింద సభ మొత్తం మా వెంట. వీపు వెనక పెన్సిలు టక్, టక్ నుంచి టకటకకు, టకటక నుంచి వడగళ్ల వానకు వచ్చింది. ఏటా మూడో చరణానికి పిల్లలు నిద్రపోయే పాట, ఆ ఏడు పిల్లలు కళ్లు తెరిచి చూస్తుండగా ముగిసిపోయింది. చివరి తీగ మోగాక నిశ్శబ్దంలో ఏదో విరిగిన చప్పుడు. తిరిగి చూస్తే అంకుల్ చేతిలో పెన్సిలు రెండు ముక్కలు.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను మెట్ల దగ్గర ఆపారు. నేను అప్పటికే వైరు చుట్టుకుంటున్నాను. ఆయన నోరు తెరిచేలోపే పాస్టరు అయ్యగారు ఎదురొచ్చారు, నవ్వుతూ. "ఏం పాట పాడిన్రయ్యా! గొల్లలు నిజంగా ఉరుక్కుంట బోయినట్టే ఉండె. ఇన్నేండ్లు వాళ్లను నడిపించుకుంటనే తీస్కపోయినం గదా!" అని అంకుల్ చెయ్యి ఊపి ఊపి వెళ్లిపోయారు.

అంకుల్ నావైపు తిరిగారు. "ఏందిరా గది?"

"గొల్లల కోసమే అంకుల్. కావాల్ననే ఉరికించిన" అన్నాను, సిగ్గు లేకుండా.

"సరే. గొల్లలు ఉరికిన్రు. మరి నువ్వు గోడ దిక్కు మొఖం పెట్టి ఎందుకు నిలబడ్డవ్?"

ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు. "అటుదిక్కు నాంపల్లి స్టేషన్ ఉంటది అంకుల్."

ఆయన విరిగిన పెన్సిల్లో ఒక ముక్క నా జేబులో పెట్టారు. "వచ్చే ఆదివారం రా. గిటారు తెచ్చుకో. కానీ నా దిక్కు చూడాలె. స్టేషన్ దిక్కు చూస్తే రైలెక్కిస్త."

ఈమధ్య మా అమ్మాయి నాకో అగ్గిపెట్టెంత డబ్బా కొనిచ్చింది. తగిలించి మీటితే రొద లేదు, చిటపట లేదు, శబ్దం మీటిన క్షణంలోనే వచ్చేసింది. బాగుంది, చాలా బాగుంది. అయినా ఏదో కొరత. మీటడానికీ మోగడానికీ మధ్య, మదర్‌బోర్డు ఇంట్లో ఒక సందు ఉండేది. ఈసారి బ్రహ్మాండంగా వస్తుందేమోనన్న ఆశ సరిగ్గా ఆ సందులో పట్టేది. ఈ కొత్త డబ్బాలో దానికి చోటు లేదు. "ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది అమ్మాయి. చెబుదామని తిరిగేసరికి తను నా వెనక ఉంది. కుర్చీ ఎప్పుడు తిప్పుకున్నానో నాకే తెలియదు గానీ, నా ఎదురుగా కిటికీ ఉంది.