నేను దిగని స్టేషన్

ఈ బరువును కొన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నా పేరు, ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో అనిపించి మొదలుపెట్టాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

మేము ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్లో ఉంటాం. పక్కింట్లో హెల్ముట్ అంకుల్ ఉండేవారు. జర్మన్ ఆయన, ఎనభై దాటిన మనిషి, భార్య పోయాక ఒంటరి. కూతురు ఇంగ్రిడ్ బ్రిస్బేన్‌లో ఉంటుంది. ఆయన గరాజ్‌లో కారు ఉండేది కాదు, రైల్వే స్టేషన్ ఉండేది. జర్మనీలో తాను పుట్టిన చిన్న ఊరి స్టేషన్‌ను పెద్ద బల్ల మీద చెక్కతో, అట్టతో కట్టుకున్నారు. ఎర్ర ఇటుకల భవనం, గోడ గడియారం, పట్టాల దగ్గర చేత్తో చక్రం తిప్పితే దిగే గేటు, చుట్టూ తిరిగే చిన్న రైలు. వాళ్ల నాన్న అక్కడ స్టేషన్ మాస్టర్. కాపురం పై అంతస్తులోనే. చక్కెర తీసే దుంపలు తరలించడానికి ఆ లైను వేశారట. దుంపలు తవ్వే రోజుల్లో గూడ్సు బండ్లు వరస కట్టేవట, వాళ్లమ్మ కూడా దిగివచ్చి టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేదట. యుద్ధంలో గూడ్సు షెడ్డు కాలిపోతే ఊరంతా కలిసి మళ్లీ కట్టుకున్నారట. నాన్న పచ్చ పలక ఎత్తితే గానీ బండి కదిలేది కాదని చెబుతూ ఆయన తన చెయ్యి కూడా పైకెత్తేవారు. మా నాన్నది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం, నేను క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. అందుకే నాతో అంత చనువు.

మేము సెలవులకు జర్మనీలో ఉన్న మా తోడల్లుడి ఇంటికి వెళ్తున్నామని తెలిసి ఆయన కంచె దగ్గరికి వచ్చారు. తాను చనిపోయేలోగా ఒక్కసారి ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడాలని ఉందన్నారు. కూతురు తీసుకెళ్తానంటోంది. కానీ అంత దూరం వెళ్లాక అక్కడ స్టేషనే లేకపోతే? ఆ భయంతో కంప్యూటర్‌లో తాను చూడలేదు, కూతుర్నీ చూడనివ్వలేదు. "నువ్వు రైల్వే వాళ్ల బిడ్డవి. నీ కళ్లతో చూసి చెప్పు. ఉందంటే వెళ్తాను," అన్నారు. తప్పకుండా అంకుల్ అన్నాను. ఫొటోలు కూడా తెస్తానన్నాను. ఆయన అడక్కుండానే అన్నాను.

అక్కడ మా తోడల్లుడు ప్రతిరోజుకూ ఒక ప్లాన్ వేసి పెట్టాడు. ఒకరోజు ఉండబట్టలేక ఆ ఊరి సంగతి ఎత్తాను. "ఆ ఊళ్లో ఏముంది అన్నయ్యా, టోటల్ టైమ్ వేస్ట్! రేపు ఔట్‌లెట్‌కి పోదాం, బ్యాగులు మంచి చవగ్గా ఉంటాయి," అని నవ్వాడు. నేనూ నవ్వేశాను. ఒకరింటికి వెళ్లి పట్టుబట్టడానికి మొహమాటం. నిజంగా మొహమాటమేనా? పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు, ఒక్కణ్ణే వెళ్లలేనా? వెళ్లగలను. బద్ధకించాను, అంతే.

తిరిగొచ్చాక కొన్నాళ్లు ఆయన కంటపడకుండా తిరిగాను. చివరికి నేను చెత్త బిన్ను రోడ్డు పక్కకు లాగుతుంటే పట్టుకున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"ఉందా?"

ఉందంటే ఫొటోలు అడుగుతారు. వెళ్లలేదని చెప్పడానికి ముఖం చెల్లలేదు.

"లేదు అంకుల్. కూల్చేశారు."

"గడియారం?"

"అదీ లేదు."

ఆయన బిన్ను మూత మీద చెయ్యి ఆనించారు. తర్వాత నా భుజం తట్టారు. "నాకోసం అంత దూరం వెళ్లావు. థాంక్యూ," అన్నారు.

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా! విప్పలేదు. పైగా ఈ వయసులో ఆయనకు అంత ప్రయాణం ఎందుకులే, ఒకరకంగా నేను మేలే చేశాను అని ఇంటికొచ్చి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ, ఏం మనిషిని!

తర్వాత ఒక ఆదివారం గరాజ్‌లోకి పిలిస్తే వెళ్లాను. బల్ల మీద స్టేషన్ లేదు. భవనాన్ని ఊడదీసి, ఆ చోట ఇసుక, ఉత్తుత్తి గడ్డి అతికించారు. "ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా," అన్నారు. చిన్న రైలు అక్కడ ఆగకుండా వెళ్లిపోతోంది. నేను కాఫీ తాగి వచ్చేశాను. ఆయన ప్రయాణం మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటి చలికాలంలో నిద్రలోనే పోయారు.

పోయిన ఏడాది ఇంగ్రిడ్ ఒక్కతే ఆ ఊరు వెళ్లొచ్చింది. వచ్చాక ఒక చెప్పుల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చి, ఫోన్‌లో ఫొటో చూపించింది. స్టేషన్ ఉంది. అవే ఎర్ర ఇటుకలు, అదే గడియారం. టికెట్ల కిటికీ మూసేసి మెషిన్ పెట్టారు, గేటు తనంతట తానే దిగుతుంది, అంతే తేడా. రైళ్లు ఆగుతున్నాయి, జనం ఎక్కుతున్నారు.

ఆమెకు కోపం కూడా లేదు. "పాపం, మీరు పొరపాటున వేరే స్టేషన్‌లో దిగి ఉంటారు. ఏం బాధపడకండి," అంది.

"అయ్యుంటుంది," అన్నాను.

బల్ల మీంచి ఊడదీసినా నాన్న ఇది పారేయకుండా దాచుకున్నారు, మీ దగ్గర ఉంచుకోండి అని ఆ పెట్టె నా చేతిలో పెట్టి వెళ్లింది. లోపల ఏముందో తెలుసు. ఇంతవరకు మూత తీయలేదు.

ఇంగ్రిడ్‌కు చెప్పాలి. చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. క్షమించమని అడగాల్సిన మనిషి ఎలాగూ లేరు. మీకు చెప్పాక మాత్రం గుండె కాస్త తేలికైంది, ఆ తేలిక కూడా నాకు తగనిదే. నేను వేరే స్టేషన్‌లో దిగలేదమ్మా, ఇంగ్రిడ్. ఏ స్టేషన్‌లోనూ దిగలేదు. ఆ రోజు ఔట్‌లెట్‌లో బ్యాగులు కొనుక్కుంటున్నాను.